నిప్పు లేకుండా మరిగిన నీళ్లు

మా అమ్మా, మా ఆయనా మొట్టమొదటిసారి పోట్లాడుకున్న రోజున నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఈ మాట విన్నవాళ్లు నన్ను అదోలా చూస్తారు. అంతకుముందు పది నెలలు మా ఇంట్లో ఉండి చూసినవాళ్లయితే మాత్రం నా చేయి పట్టుకుని గట్టిగా ఊపేసేవారు.

అమ్మ ముప్ఫై ఒక్క సంవత్సరాలు ఒక పెద్దాసుపత్రి వంటశాలలో పనిచేసింది. మొదట గిన్నెలు కడిగింది, తర్వాత కూరగాయలు తరిగింది, చివరి పద్దెనిమిదేళ్లూ బాయిలరు దగ్గర నిలబడింది. తెల్లారేసరికి రెండు వందల మంచాలకు కాచిన నీళ్లు, పాలు, టీ అందాలి. బాయిలరు మూత తీయకుండానే, చప్పుడు విని లోపల నీళ్లు ఎంతవరకు వచ్చాయో చెప్పేసేది. "ఇంకా సణుగుతోంది, రెండు నిమిషాలు ఆగండి" అనేది. రెండు నిమిషాల తర్వాత, "ఇదిగో, ఇప్పుడు పలికింది" అనేది. అక్కడి నర్సులూ, వార్డు మనుషులూ ఆమెను ఆవిరక్క అనేవారు. ఆ పేరంటే ఆమెకు ఎంత ఇష్టమో పైకి ఎప్పుడూ చెప్పలేదు.

రిటైరయ్యాక మా ఫ్లాటుకు వచ్చింది. మా ఆయన ఏసీ మెకానిక్కు. మంచి మనిషి. ఆ మంచితనంతోనే వచ్చింది చిక్కు. ఇన్నేళ్లు పొయ్యి దగ్గర నిలబడిన మనిషి ఇక వంటగది ముఖం చూడకూడదని తీర్మానించుకున్నాడు. పొద్దున్నే తనే లేచి టీ పెట్టేవాడు. అమ్మ గిన్నె అందుకోబోతే "మీరు కూర్చోండి అత్తయ్య గారూ" అనేవాడు. "మీకెందుకండీ శ్రమ, అల్లుడు గారూ" అనేది ఆమె. "శ్రమేముందండీ." "అయ్యో, అలా కాదండీ." ఒకసారి కింద లిఫ్టు దగ్గర "ముందు మీరెక్కండి" అంటే "ముందు మీరెక్కండి" అనుకుంటూ నిలబడ్డారు. లిఫ్టు విసుగెత్తి తలుపులు మూసుకుని ఖాళీగా పైకి పోయింది. ఆ ఇద్దరి మధ్యా కూర్చుని భోజనం చేయడమంటే పరీక్ష హాల్లో కూర్చున్నట్టుండేది. చెంచా చప్పుడు చేయాలన్నా నాకు భయమే.

అమ్మ మెల్లగా మాటలు తగ్గించింది. వంటగది గుమ్మం బయట కుర్చీ వేసుకుని, లోపల కెటిల్ చేసే చప్పుడు వింటూ కూర్చునేది.

ఆ ఆదివారం పొద్దున కూడా అలాగే కూర్చుంది. మా ఆయన లోపల టీ పెడుతూ, ఊరికే మాట కలపడానికి, ముందురోజు చేసిన పని గురించి చెప్పాడు.

"నిన్న ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీలో పైపులు మార్చామండీ. కొత్త పైపుల్లో కాస్త తేమ ఉండిపోయింది. గంటన్నర పంపు పెట్టి, నీళ్లన్నీ మరిగించి బయటికి లాగేశాం."

"పైపులకు మంట పెట్టారా?" అంది అమ్మ.

"మంటెందుకండీ? పంపుతో లోపలి గాలి లాగేస్తే చాలు. నీళ్లు వాటంతట అవే మరిగిపోతాయి."

అమ్మ కుర్చీని కిర్రుమని గుమ్మం వైపు తిప్పుకుంది. నేను కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాను. సోఫాలో కూర్చుని నా అద్దాలు తుడుచుకుంటున్నదాన్నల్లా ఆ చప్పుడుకు తలెత్తి చూశాను.

"వాటంతట అవే," అంది అమ్మ, ఒక్కో మాటనూ వేరుచేస్తూ. "అల్లుడు గారూ, నాకు వయసు మీద పడింది గానీ మతి పోలేదండీ."

"అయ్యో, నిజమేనండీ. రోజూ చేసే పనే కదా."

"నేనూ రోజూ చేసిన పనేనండీ. నీళ్లు మరగాలంటే నిప్పుండాలి. కట్టెలో, గ్యాసో, కరెంటో, ఏదో ఒకటి ఉండాలి."

"అక్కర్లేదండీ."

"ఉండాలండీ!"

"అక్కర్లేదంటున్నానుగా!"

"నువ్వేమిటి నాకు చెప్పేది, నీళ్ల గురించి!"

అన్నాక అమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. మా ఆయన చేతిలో వడపోత జల్లెడ అలాగే గాల్లో ఆగిపోయింది. పది నెలల్లో మొదటిసారి వాళ్లిద్దరి మధ్యా 'నువ్వు' అనే మాట వినబడింది. నేను నవ్వు ఆపుకోలేక అద్దాలు తుడిచే గుడ్డ నోట్లో కుక్కుకున్నాను.

మా ఆయన ముఖం ఎర్రబడింది. కోపమనుకున్నాను. కాదు, ఉత్సాహం. "అయితే చూపిస్తాను, ఉండండి" అంటూ పనిముట్ల సంచిలోంచి లావుపాటి సిరంజి ఒకటి తీశాడు. అందులోకి గోరువెచ్చని నీళ్లు కొంచెం లాగి, మూతిని బొటనవేలితో గట్టిగా మూసి, వెనక కాడను బలంగా లాగాడు. నీళ్లలో గబగబా బుడగలు లేచాయి.

"చూశారా! మరిగాయి!"

అమ్మ కుర్చీలోంచి కదలకుండా అంది. "అది గాలి. ఆసుపత్రిలో ముప్ఫై ఒక్కేళ్లున్నదాన్ని. నాకు సిరంజి చూపిస్తున్నావా?"

అంతే. మా ఆయన మెట్లు దిగి వ్యాను దగ్గరికి పరిగెత్తాడు. లిఫ్టు కోసం ఆగేంత ఓపిక కూడా లేదు. పెద్ద చేపంత బరువున్న వాక్యూమ్ పంపును ఒక చేత్తో పట్టుకుని, ఒత్తిడి చూపే గేజీ, గొట్టాలు మెడలో వేసుకుని ఆయాసపడుతూ తిరిగొచ్చాడు. ఈలోగా అమ్మ నన్నడిగింది.

"వాడికి కోపం వచ్చిందంటావా?"

"రానీవే అమ్మా. ఎంత బాగుందో!"

మొదటి ప్రయత్నానికి మా ఆయన బిస్కెట్లు పోసుకునే ప్లాస్టిక్ డబ్బా ఎంచుకున్నాడు. తొందరలో చేసిన పని అది, పనితనం తెలిసినవాడు చేయాల్సింది కాదు. మూతకు బెజ్జం చేసి, గొట్టం దూర్చి, టేపు చుట్టి, లోపల గ్లాసుడు నీళ్లు పెట్టి పంపు నొక్కాడు. పంపు గుర్రుమంది. మూడు లెక్కపెట్టేలోగా, ఎవరో కనబడని చేతులతో నలిపేసినట్టు డబ్బా నాలుగు వైపులా లోపలికి కుంగి, ఢామ్మని ముద్దయిపోయింది. నీళ్లు అమ్మ ఒళ్లోకి చిమ్మాయి.

"మరిగాయా?" అంది అమ్మ, చీర దులుపుకుంటూ.

అప్పుడే తలుపు దబదబా మోగింది. కింది అంతస్తులో ఉండే రిటైరైన లారీ డ్రైవరు గారు. ఆయనకు కాస్త వినికిడి తక్కువ. "ఏ టైరు పేలింది?" అంటూ లోపలికొచ్చి, నలిగిన డబ్బా చూసి, "ఎవరెక్కారు దీని మీద?" అన్నాడు.

"ఎవరూ ఎక్కలేదండీ, గాలి నొక్కింది" అన్నాడు మా ఆయన. "మన చుట్టూ ఉన్న గాలి అన్నివైపుల నుంచీ నొక్కుతూనే ఉంటుంది. లోపలి గాలి కూడా ఎదురు తన్నుతుంది కాబట్టి మనకు తెలీదు. లోపలిది తీసేస్తే ఇదిగో, ఇలా. నీళ్ల మీదా అదే బరువు. ఆ బరువు తీసేస్తే నీళ్లు ఆవిరై పైకి లేవడానికి అంత వేడి అక్కర్లేదు."

డ్రైవరు గారు చెవి దగ్గర చేయి పెట్టుకుని అంతా విన్నాడు. "నేను కొండల మీదికి లోడు తీసుకెళ్లేటప్పుడు అంతే" అన్నాడు. "పైన గాలి పల్చన. బంగాళాదుంపలు గంటసేపు కుతకుతా ఉడికించినా పళ్లకు కరకరలాడేవి. నీళ్లు మరుగుతాయి గానీ వేడే ఉండదు. నిజం చెల్లెమ్మా."

"మీరూ వాడి పక్షమేనా అన్నయ్య గారూ?"

"నేనే పక్షమూ కాదు. చూసిపోదామని ఉన్నాను" అంటూ ఆయన కుర్చీ లాక్కున్నాడు.

రెండో ప్రయత్నం పద్ధతిగా సాగింది. మా ఐదు లీటర్ల స్టీలు కుక్కరు, దాని మీద మూతకు బదులు మందపాటి పారదర్శకమైన ప్లాస్టిక్ పలక. బోర్డులు రాసే దుకాణంలోంచి ఎప్పుడో తెచ్చిన ముక్క అది, బొటనవేలంత మందం. దానికి డ్రిల్లుతో బెజ్జం వేసి, పంపు గొట్టం తగిలించే ఇత్తడి మూతి బిగించాడు. నేను దుకాణంలో అద్దాలు అరగదీసేటప్పుడు పెట్టుకునే రక్షణ కళ్లజోళ్లు నాలుగు తెచ్చి అందరికీ తగిలించాను. డ్రైవరు గారు తన చదువు కళ్లజోడు మీదే దాన్ని పెట్టుకున్నాడు. ఆ నాలుగు ముఖాలూ ఒక కుక్కరు మీదికి వంగడం చూస్తే ఎవరైనా ఆపరేషనని హడలిపోతారు.

పంపు మొదలైంది. గేజీ ముల్లు కొంచెం దిగి ఆగిపోయింది. కుక్కరు అంచు దగ్గర బుస్సుమని సన్నని చప్పుడు. మా ఆయన రబ్బరు రింగు సర్దాడు, టేపు వేశాడు, గ్రీజు పూశాడు, తన ఒంటి బరువంతా వేసి పలకను నొక్కాడు. ముల్లు కదలదు.

అమ్మ కాళ్లు అదేపనిగా ఊపుతోంది. చివరికి ఇక ఉండబట్టలేక లేచింది.

"పక్కకు జరుగు."

"అత్తయ్య గారూ, మీరు కూర్చోండి, నేను..."

"జరగమన్నానా! మూత సందులోంచి గాలి పోతుంటే గ్రీజు పూస్తారా ఎవరైనా? మా బాయిలరు మూత ఎనిమిదేళ్లు ఇలాగే కారింది. ఇంట్లో పిండి ఎక్కడుంది? ఎక్కడ పెట్టావో కూడా నాకు తెలీదు. పది నెలలైంది పిండి తడిపి, తెలుసా నీకు?"

మా ఆయన పిండి డబ్బా తీసి ఇచ్చాడు. మెల్లగా అన్నాడు. "మీరు అలసిపోయారు కదా అని..."

"అలసిపోయానని నేను చెప్పానా?"

"మరి అలసిపోలేదని చెప్పొచ్చు కదా?"

"ఎలా చెప్పను, నువ్వంత మర్యాదగా ఉంటే!"

మా ఆయన చెంబుతో నీళ్లు అందించాడు. అమ్మ పిండి తడపసాగింది. ఆ చేతులు ఎంత వేగంగా కదిలాయో! కొంచెం నీళ్లు, మణికట్టుతో ఒక నొక్కు, ఇంకొంచెం నీళ్లు. పొడుగ్గా తాడులా పేని, కుక్కరు అంచు చుట్టూ పలక కింద పెట్టి, వేళ్లతో ఒత్తుకుంటూ వచ్చింది.

"ఇక పంపు నొక్కు" అంది.

ముల్లు దిగింది. దిగుతూనే ఉంది. పిండి తాడు లోపలికి పీల్చుకుని బిగుసుకుంది. బుస్సు ఆగిపోయింది. కుక్కరులో తెల్ల పింగాణీ గిన్నె, అందులో కుళాయి నీళ్లు. గిన్నె గోడల మీద ముత్యాల్లా చిన్న చిన్న బుడగలు పుట్టాయి.

"అదిగో! మరుగుతోంది!" అని మా ఆయన గంతేశాడు.

"మరగడం లేదు" అంది అమ్మ. "అది నీళ్లలో దాగున్న గాలి. పొయ్యి మీద పెట్టినా ముందు అదే వస్తుంది. మరుగంటే అడుగునుంచి పొర్లాలి."

మా ఆయన ఆమె వైపు చూశాడు. "మీరన్నదే నిజం" అన్నాడు. "అది గాలే. ఆగండి."

ఆగాం. అమ్మ ముక్కు పలకకు ఆనిపోయింది. ముత్యాలన్నీ ఊడి పైకి తేలిపోయాయి. నీళ్లు నిశ్చలమైపోయాయి. ఇంతే కాబోలు అనుకున్నాను. ఇంతలో గిన్నె అడుగున ఒకేచోట, నిమ్మకాయంత బుడగ ఒకటి పుట్టుకొచ్చి నీళ్లను పైకి తన్నింది. వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత నీళ్లు మొత్తం తిరగబడి, పొర్లి, తుళ్లి, పలక అడుగుదాకా చిందాయి. మంట లేదు, పొగ లేదు. కుక్కరు నేల మీద పరిచిన చాప మీద ఉంది.

అమ్మ తల పక్కకు వంచింది. "చప్పుడేది?" అంది. "నాకు వినబడదే? ఆ పంపు నోరు మూయించు."

మా ఆయన వాల్వు మూసి పంపు ఆపేశాడు. ఇంకాసేపు నీళ్లు తమలో తామే పొర్లాయి, నోరు కట్టేసినట్టు. అమ్మ పలక మీద చెవి పెట్టింది.

"సణగదు, పలకదు! ఇదేం మరుగు?"

"చప్పుడు మోసుకొచ్చేది గాలే కదా అత్తయ్యా. లోపల అదే లేదు."

'గారు' ఎగిరిపోయిన సంగతి ఆయన గమనించలేదు. నేను గమనించాను.

వాల్వు వదలగానే గాలి ఈలవేస్తూ లోపలికి దూరింది. పలక తీయగానే అమ్మ గిన్నెలో వేలు పెట్టబోయింది. కాలుతుందని అలవాటు కొద్దీ మధ్యలో ఆగి, మళ్లీ ధైర్యం చేసి ముంచింది. ఒక్క క్షణం మా వైపు చూసింది. ఆ తర్వాత నవ్వింది. ఏదో మర్యాదకు నవ్విన నవ్వు కాదది, కడుపు పట్టుకుని, కుర్చీ చేయి పట్టుకుని, ఊపిరందక, కళ్లజోడు లోపల కన్నీళ్లు నిండిపోయేలా నవ్వింది.

"చల్లగా ఉందే! పెట్టినప్పటికంటే చల్లగా ఉందే!"

మేమందరం వేళ్లు పెట్టాం. డ్రైవరు గారు చేయంతా పెట్టాడు.

ఇక ఆ గంటంతా పిల్లల గోల. అమ్మ ఏది కనబడితే అది కుక్కరులో పెట్టించింది. మూతి ముడివేసిన చిన్న బెలూను పెడితే కుక్కరంతా నిండిపోయింది. మా ఆయన గడ్డం గీసుకునే నురగ పెడితే పొంగి పొంగి గిన్నె దాటి, గాలి వదలగానే చిక్కి పిడికెడంత అయింది. టీ ఆకు వేసి చూద్దామని డ్రైవరు గారు పట్టుబట్టాడు. నీళ్లు కుతకుతలాడాయి గానీ రంగే దిగలేదు. అమ్మ రుచి చూసి ఉమ్మేసింది.

"మరగడం వేరు, కాగడం వేరు" అని ప్రకటించింది. "ఇవి మరిగాయి గానీ కాగలేదు. నిప్పు లేకుండా నీళ్లు కాగవు. నేను చెప్పింది అదే."

"మీరు మరగవన్నారు!" అన్నాడు మా ఆయన.

"కాగవన్నాను."

"మరగవన్నారు! మీ అమ్మాయి సాక్షి!"

"మొగుడి వైపు చెబుతుంది, దాని సాక్ష్యం చెల్లదు."

"నాకు సరిగ్గా వినబడదు, నన్నడగొద్దు" అన్నాడు డ్రైవరు గారు.

వాదించుకుంటూనే అమ్మ ఒక్కసారిగా ఆగింది. వేలు చూసుకుంది. "అది సరే గానీ, చల్లగా ఎందుకైంది?"

"మరగడానికి వేడి కావాలి అత్తయ్యా. మనం ఇవ్వలేదు కదా, అందుకని తన ఒంట్లో ఉన్నదే ఖర్చు పెట్టుకుంటుంది."

"అలా ఖర్చు పెడుతూ పోతే?"

"ఇంకా చల్లబడుతుంది."

"ఇంకా పోతే?"

"పుస్తకంలో రాసింది గుర్తుంది, కానీ నేనెప్పుడూ చూడలేదు" అన్నాడు మా ఆయన. "గడ్డ కట్టాలి."

"మరుగుతూ మరుగుతూ గడ్డ కడుతుందా?"

"కట్టాలి మరి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపు చూసి వాళ్ల పొద్దుటి పోట్లాట ముగిసిందని నాకు అర్థమైంది. ఆ తర్వాత వాళ్లు నన్ను పట్టించుకోలేదు.

"గిన్నెడు నీళ్లెందుకు, రెండు చెంచాలు చాలు" అంది అమ్మ. "కొంచెమైతే తొందరగా పని అవుతుంది. గిన్నె కింద బిరడా చెక్క పెట్టు, కుక్కరు అడుగునుంచి వేడి ఎక్కకుండా."

"భలే చెప్పారు. పంపు నూనెలోకి ఆవిరి పోతుంది, పోనివ్వండి, తర్వాత నూనె మారుస్తాను."

"పిండి కొత్తది వేస్తాను, ఇది ఎండిపోయింది."

"ఈ పక్కన ఇంకొంచెం అత్తయ్యా."

"నాకు తెలుసులేరా!"

ఆ 'రా' వినగానే మా ఆయన చెవులు కూడా నవ్వాయి.

పంపు మళ్లీ గుర్రుమంది. రెండు చెంచాల నీళ్లు ముందులాగే పొర్లాయి, తుళ్లాయి. ఐదు నిమిషాలైంది. ఏడైంది. బుడగలు అలిసిపోయినట్టు ఒక్కొక్కటిగా రాసాగాయి. డ్రైవరు గారు గడియారం చూస్తూ, దారిలో మైలురాళ్లు చదివినట్టు నిమిషాలు పైకి చదువుతున్నాడు. ఆయన పదకొండు అనగానే, గిన్నెలో ఒక పెద్ద బుడగ సగం లేచి అలాగే ఉండిపోయింది. పేలలేదు. దాని అంచు నుంచి తెల్లని గీత ఒకటి బయల్దేరి, రెప్పపాటులో నీళ్లంతటా పాకింది. గిన్నెలో మంచు. మరుగు మరుగులాగే, అలలూ గుంటలూ బుడగలతో సహా, గడ్డ కట్టుకుపోయింది.

మా ఆయన "అత్తయ్యా!" అని అరిచాడు, అమ్మ "ఒరేయ్!" అని అరిచింది, ఇద్దరూ ఒకరి భుజాలొకరు పట్టుకుని పిండి చేతులతోనే గుండ్రంగా తిరిగారు. డ్రైవరు గారు ఏం చేయాలో తోచక నాకు కరచాలనం చేశాడు.

పలక తీయగానే అమ్మ గిన్నె లాక్కుంది. "కరిగిపోయేలోగా చూపించాలి" అంటూ తలుపు తీసుకుని, రక్షణ కళ్లజోడుతోనే వరండాలోకి పరిగెత్తింది. వెనకాలే మేము. ఎదురింటి తలుపు కొట్టింది. అక్కడ ఉండేది పళ్ల డాక్టరమ్మ. తల తుడుచుకుంటూ వచ్చి తలుపు తీసింది.

"చూడమ్మా, ఇది ఇప్పుడే మరిగింది!"

డాక్టరమ్మ గిన్నెలోకి చూసింది. అమ్మ ముఖంలోకి చూసింది. మోచేతులదాకా ఉన్న పిండి చూసింది.

"ఆంటీ, ఇది ఐసు."

"అవునమ్మా! మరిగి మరిగి అయింది!"

"కూర్చోండి ఆంటీ. మంచినీళ్లు ఇవ్వనా?"

"నీళ్లా? తీసుకురా, కావాలి!" అంది అమ్మ. "రెండు చెంచాలు చాలు. నువ్వూ రా, నీ కళ్లతో నువ్వే చూద్దువు గాని. ఒరేయ్, పిండి తడుపు! కొంచెం గట్టిగా తడుపు, జావలా చేయకు!"

"నీళ్లు ఎక్కువైతే తిట్టకూడదు!" అని కేకేస్తూ మా ఆయన వంటగదిలోకి పరిగెత్తాడు. అమ్మ డాక్టరమ్మ చేయి పట్టుకుని మా ఇంటి వైపు లాక్కొస్తుంటే, డ్రైవరు గారు పై అంతస్తు వాళ్లను పిలవడానికి మెట్లెక్కసాగాడు.